బస్సు ఆగితే ఆస్పత్రికి ఎవరొస్తారు?

2020 సెప్టెంబరు 7న హైదరాబాద్ మెట్రో అయిదున్నర నెలల తర్వాత మళ్ళీ నడవడం మొదలుపెట్టింది. మాస్కు తప్పనిసరి, సీటు వదిలి సీటు లాంటి జాగ్రత్తలతో పాటు అప్పుడు ఇంకో ప్రకటన కూడా వచ్చింది. కంటైన్‌మెంట్ ప్రాంతాల్లో ఉన్నందువల్ల గాంధీ ఆస్పత్రి, ముషీరాబాద్, భరత్‌నగర్, మూసాపేట, యూసఫ్‌గూడ స్టేషన్లలో రైళ్ళు ఆగవని దాని సారాంశం. అప్పట్లో తెలంగాణ మొత్తానికి కోవిడ్ చికిత్సకు ప్రధాన కేంద్రం గాంధీ ఆస్పత్రి. పగలూ రాత్రీ అక్కడ షిఫ్టుల మీద మనుషులు పనిచేస్తున్నారు. ఆ ఆస్పత్రి పేరే పెట్టుకున్న స్టేషన్‌లో మాత్రం రైలు ఆగదు.

అప్పటికి సిటీ బస్సులు కూడా లేవు. మార్చి 22న, జనతా కర్ఫ్యూ రోజు డిపోల్లో ఆగిపోయిన బస్సులు సెప్టెంబరు 25న బయటికొచ్చాయి. అప్పుడు కూడా వచ్చినవి నాలుగో వంతే. జిల్లాల్లో మే 19 నుంచే ఆర్టీసీ తిరుగుతోంది, నగరంలో మాత్రం ఆరు నెలలు దాటింది. నగరపు లోకల్ రైళ్ళు ఎంఎంటీఎస్ అయితే 2021 జూన్ 23 దాకా పట్టాలెక్కలేదు. ఎక్కినప్పుడు కూడా రోజుకు పది సర్వీసులే.

ఒక మనిషిని ఊహించుకుందాం. బోడుప్పల్‌లో అద్దెకుంటూ గాంధీలో కాంట్రాక్టు మీద పనిచేసే ఆయా. మామూలు రోజుల్లో ఉప్పల్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి సికింద్రాబాద్ వైపు ఇంకో బస్సు ఎక్కుతుంది. చేతిలో నెల పాసు ఉంటుంది. లాక్‌డౌన్ వచ్చాక ఆమెకు “నువ్వు అత్యవసర సేవల్లో ఉన్నావు, డ్యూటీకి రావాల్సిందే” అన్నారు. ఎలా రావాలో ఎవరూ చెప్పలేదు. డాక్టరు గారికి కారుంది. నర్సుకు స్కూటీ ఉండొచ్చు, లేదా ఇంట్లో వాళ్ళు బండి మీద దింపుతారు. ఆయాకు మిగిలింది ఆటో, మే 18 దాకా అదీ లేదు. ఆ తర్వాత ఆటోలో ఇద్దరినే ఎక్కించుకోవాలన్న షరతు వచ్చింది కాబట్టి పది రూపాయల షేర్ ఆటో లెక్క పోయింది. పొద్దున రావడానికి, సాయంత్రం పోవడానికి ఆటో మాట్లాడుకుంటే ఆ రోజు కూలిలో ఎంత మిగులుతుంది?

మహమ్మారి వచ్చినప్పుడు బస్సుల గురించి జరిగే చర్చంతా “నడపాలా, ఆపాలా” అన్న దగ్గరే తిరుగుతుంది. అసలు చిక్కులు దాని కింద ఉన్నాయి. ఎవరిని ఎక్కించుకోవాలి? బస్సుకు ఎంతమంది? ఏ వేళకు? డ్రైవర్‌కు జబ్బు వస్తే ఎవరు పట్టించుకుంటారు? టికెట్ డబ్బులు రానప్పుడు డీజిల్ ఖర్చు ఎవరిది? వీటిని విడివిడిగా చూస్తే తప్ప, ఆ ఆరు నెలల్లో మనం ఎక్కడ పొరపాటు చేశామో అర్థం కాదు.

మొత్తం ఆపేస్తే ఏమవుతుందో అందరికంటే ముందు వూహాన్ చూసింది. 2020 జనవరి 23 ఉదయం 10 గంటలకు అక్కడ బస్సులు, మెట్రో, ఫెర్రీలు అన్నీ ఆగిపోయాయి. కోటికి పైగా జనం ఉన్న నగరం. అదే రోజు నుంచి ఆస్పత్రి సిబ్బంది ఇళ్ళ దగ్గర ఇరుక్కుపోయారు. మామూలు పౌరులే ఫోన్లలో గ్రూపులు పెట్టుకుని, సొంత కార్లలో నర్సులను, డాక్టర్లను డ్యూటీలకు దింపారు. రెండు రోజుల్లో ప్రభుత్వం దాదాపు 6,000 ట్యాక్సీలను కాలనీలకు కేటాయించాల్సి వచ్చింది. ఆ వాలంటీర్ల మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ కార్లు చాలామందికి ఉన్న చోట అది సాధ్యమైంది. మన నగరాల్లో ఆ కొరతను కాళ్ళే తీర్చాలి.

అత్యవసరం ఎవరు?

ఈ ప్రశ్నకు ముంబై ఇచ్చిన జవాబును కాస్త నిదానంగా చూడాలి. మన దేశంలో ఈ సమస్యతో అందరికంటే ఎక్కువ కాలం కుస్తీ పట్టిన నగరం అదే.

మహమ్మారికి ముందు ముంబై లోకల్ రైళ్ళలో రోజుకు దాదాపు 80 లక్షల ప్రయాణాలు జరిగేవి. మార్చి 22 అర్ధరాత్రి నుంచి అవి ఆగిపోయాయి. ముంబైలో ఆస్పత్రి నర్సు, కార్పొరేషన్ పారిశుద్ధ్య కార్మికుడు, పోలీసు కానిస్టేబులు ఉండేది నగరం నడిబొడ్డున కాదు. విరార్, నాలాసోపారా, కల్యాణ్, డోంబివలీ, బద్లాపూర్ లాంటి చోట్ల ఉంటారు. రైలులో గంటా గంటన్నర పట్టే దూరాలవి. దాదాపు మూడు నెలల పాటు ఆ భారమంతా ముంబై సిటీ బస్సులైన బెస్ట్, మహారాష్ట్ర ఆర్టీసీ నడిపే ఎస్టీ బస్సులు మోశాయి. రైలులో గంటన్నర పట్టే దూరం బస్సులో రెండున్నర, మూడు గంటలు. పన్నెండు గంటల డ్యూటీకి అటూ ఇటూ అది కలుపుకుంటే నిద్రకు ఏం మిగులుతుందో లెక్క వేసుకోవచ్చు.

జూన్ 15న లోకల్ రైళ్ళను అత్యవసర సిబ్బందికి మాత్రమే మొదలుపెట్టారు. పశ్చిమ రైల్వేలో 120 సర్వీసులు, మధ్య రైల్వేలో 200. ఉదయం 5.30 నుంచి రాత్రి 11.30 దాకా నడిచాయి. 1,200 మంది కూర్చునే రైలులో 700 మందికే అనుమతి. స్టేషన్ గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించాలి. తర్వాత క్యూఆర్ కోడ్ పాసులు వచ్చాయి. జూలై 1 నాటికి రెండు రైల్వేలూ చెరో 350 సర్వీసులకు పెంచాయి.

ఆ రైళ్ళు ఎంతోమందిని ఆదుకున్నాయి. అయితే గేటు దగ్గర ఒక గీత గీయాల్సి వచ్చింది కదా, చిక్కంతా దాని దగ్గరే. మొదట ప్రభుత్వ ఉద్యోగులు, కార్పొరేషన్, పోలీసులు, ఆస్పత్రుల సిబ్బంది. తర్వాత బ్యాంకులు. అక్టోబరులో ఆఫీసులకు భోజనం చేరవేసే డబ్బావాలాలు. అక్టోబరు 21 నుంచి మహిళలందరికీ అనుమతి ఇచ్చారు, కాకపోతే ఉదయం 11 నుంచి 3 దాకా, మళ్ళీ రాత్రి 7 తర్వాతే. తొమ్మిది గంటలకు పనిలో ఉండాల్సిన ఆడమనిషికి 11 గంటల రైలు దేనికి? 2021 ఫిబ్రవరి 1 నుంచి అందరినీ రానిచ్చారు, అదీ రద్దీ లేని వేళల్లోనే. రెండో వేవ్ రాగానే ఏప్రిల్‌లో గేటు మళ్ళీ మూసుకుంది. ఆగస్టు 15 నుంచి రెండు డోసులు పూర్తయినవాళ్ళకు తెరుచుకుంది.

ఇలా జాబితా నెల నెలా పెరుగుతూ పోయిందంటే, మొదటి జాబితా తప్పనే కదా అర్థం. నిజానికి ఎవరు రాసినా ఆ జాబితా తప్పే అవుతుంది. ఆస్పత్రి అంటే డాక్టర్లూ నర్సులే అనుకుంటాం. ఆక్సిజన్ సిలిండర్ ఎత్తి దించేవాళ్ళు, దుప్పట్లు ఉతికేవాళ్ళు, రోగులకు వంట చేసేవాళ్ళు, లిఫ్టు మెకానిక్, గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు, ఎదురుగా మందుల షాపులో కుర్రాడు వీళ్ళెవరూ లేకపోతే ఆస్పత్రి ఒక్క రోజు నడవదు. వీళ్ళలో చాలామంది ఏజెన్సీ కింద పనిచేస్తారు. ఆస్పత్రి పేరుతో కార్డు ఉండదు. కొందరికి అసలు ఏ కార్డూ ఉండదు. గేటు దగ్గర నిలబడ్డ పోలీసు కార్డు అడుగుతాడు కానీ పని అడగడు. నిజంగా అవసరమైన మనిషి చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

2020 జూలైలో నాలాసోపారాలో ఇదే జరిగింది. లోకల్ ఎక్కనివ్వని ప్రైవేటు ఉద్యోగులు ఎస్టీ బస్సుల కోసం పొద్దున్నే వచ్చి నిలబడ్డారు. బస్సులు లేవన్నారు. వాళ్ళు స్టేషన్‌లోకి చొచ్చుకెళ్ళి పట్టాల మీద నిలబడ్డారు. దాన్ని క్రమశిక్షణ లేకపోవడం అని తీసిపారేయడం తేలిక. ఆ నెల జీతం పోతే ఇంటి అద్దె ఎలా కట్టాలో తెలియని మనుషులు వాళ్ళు.

అందుకే మనిషిని బట్టి ఏరడం కంటే వేళను బట్టి, రూటును బట్టి బస్సు నడపడం మేలని నా అభిప్రాయం. తెల్లవారి 5 గంటలకు శివారు నుంచి పెద్దాస్పత్రి వైపు వెళ్ళే బస్సు ఎక్కేవాళ్ళు షికారుకు వెళ్ళరు. అక్కడ కార్డు అడగాల్సిన పని లేదు. మిగతా వేళల్లో జనం పెరిగితే అప్పుడు ఆంక్షల గురించి ఆలోచించవచ్చు.

పదో వంతు జనానికి పదో వంతు బస్సులు చాలవు

ఇది చాలా నగరాలు తప్పిన లెక్క. ఒక రూట్లో ఉదయం గంటకు 12 బస్సులు తిరుగుతాయి, 600 మంది ఎక్కుతారు అనుకుందాం. బస్సుకు 50 మంది. లాక్‌డౌన్‌లో 540 మంది ఇంట్లో ఉండిపోయారు, 60 మంది మిగిలారు. పది శాతమే కదా, ఒక్క బస్సు చాలు అనిపిస్తుంది. కానీ ఆ ఒక్క బస్సులో ఇప్పుడు 60 మంది ఉంటారు. అంటే జనం పదో వంతుకు పడిపోయినా, బస్సులో రద్దీ ముందుకంటే పెరిగింది.

బస్సుకు 20 మంది అన్న పరిమితి పెడితే కనీసం మూడు బస్సులు కావాలి. కానీ ఆ 60 మంది గంట పొడవునా సమానంగా రారు. 40 మంది ఒకే షిఫ్టుకు, ఒకే పావుగంటలో వస్తారు. కాబట్టి నాలుగైదు బస్సులు వేయాలి. పదో వంతు ప్రయాణికుల కోసం దాదాపు 40 శాతం బస్సులన్నమాట. ఇక రెండు బస్సులు మారే మన ఆయా సంగతి చూడండి. రెండు రూట్లలోనూ గంటకొక బస్సే ఉంటే, ఉప్పల్‌లో రెండు నిమిషాలు ఆలస్యమైనా ఇంకో గంట అక్కడే నిలబడాలి.

2020 మార్చిలో లండన్ ఈ పొరపాటే చేసింది. మార్చి 19 నుంచి 40 దాకా ట్యూబ్ (అక్కడి మెట్రో) స్టేషన్లు మూసేసి రైళ్ళు తగ్గించారు. తర్వాతి సోమవారం పొద్దున కిక్కిరిసిన బోగీల ఫొటోలు ప్రపంచమంతా చూసింది. అందుకు రైళ్ళు తగ్గించాలన్న నిర్ణయం ఒక్కటే కారణం కాదు, సిబ్బందిలో దాదాపు మూడో వంతు మంది జబ్బుపడో ఐసొలేషన్‌లోనో ఉన్నారు. న్యూయార్క్‌లోనూ అంతే. సబ్‌వే ప్రయాణికులు 90 శాతం తగ్గినా, నడిపే మనుషులు లేక రైళ్ళు తగ్గి, బ్రాంక్స్ లాంటి పేద ప్రాంతాల నుంచి వచ్చే రైళ్ళు నిండిపోయాయి. ఇంటి నుంచి పనిచేయగలిగినవాళ్ళు ఆగిపోయారు, చేయలేనివాళ్ళు ఎక్కారు.

పరిమితి పెట్టడంలో ఇంకో ఇబ్బంది ఉంది. 2020 మేలో ఢిల్లీలో బస్సుకు 20 మందే అన్నారు. అలాంటి చోట బస్సు మొదటి రెండు మూడు స్టాపుల్లోనే నిండుతుంది. మధ్య స్టాపులో నిలబడ్డ మనిషి ముందు నుంచి బస్సులు ఆగకుండా పోతాయి. దీనికి మందు డిపో వాళ్ళకు తెలుసు. కొన్ని బస్సులను మధ్య స్టాపు నుంచే ఖాళీగా మొదలుపెట్టాలి. పండగలకూ జాతరలకూ ఆర్టీసీ చేసే పనే అది.

డ్రైవర్

ప్రయాణికుడు బస్సులో అరగంట ఉంటాడు. డ్రైవర్, కండక్టర్ రోజంతా ఉంటారు. న్యూయార్క్ రవాణా సంస్థ ఎంటీఏలో 2020 వేసవి నాటికే 130 మందికి పైగా సిబ్బంది కోవిడ్‌తో చనిపోయారు. లండన్‌లో పాతిక మందికి పైగా బస్సు డ్రైవర్లు పోయారు. లండన్ డ్రైవర్ల మరణాల మీద యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు అధ్యయనం చేసి, లాక్‌డౌన్ ఇంకాస్త ముందే పెట్టి ఉంటే ప్రాణాలు నిలిచేవని తేల్చారు.

కాపాడే మార్గాలు పెద్ద శాస్త్రమేమీ కాదు. న్యూయార్క్ మార్చి 23 నుంచే బస్సుల్లో వెనక తలుపు నుంచి ఎక్కించింది. లండన్ ఏప్రిల్ 20 నుంచి మధ్య తలుపు తెరిచింది. రెండు చోట్లా ముందున్న టికెట్ మిషన్ దగ్గరకు ఎవరూ రానక్కర్లేదు, అంటే చార్జీ వదులుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో మే 21న బస్సులు మొదలైనప్పుడు కండక్టర్ లేకుండా నడిపి, టికెట్లు బస్టాండులోనే ఇచ్చారు. బస్సు లోపల డబ్బులు, చిల్లర చేతులు మారే పని తప్పింది. నాకు నచ్చిన ఏర్పాటు ఇది. కాకపోతే బస్టాండు నుంచి బస్టాండుకు వెళ్ళే దూరపు సర్వీసులకు సరిపోయే పద్ధతి, స్టాపు స్టాపుకీ ఆగే సిటీ బస్సుకు అంత తేలిక కాదు.

బస్సులో గాలి గురించి ఒక్క ఉదాహరణ చెప్పాలి. 2020 జనవరిలో చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో 68 మంది ఒక ఏసీ బస్సులో బౌద్ధ ప్రార్థనలకు వెళ్ళారు. ఒకరికి వైరస్ ఉంది. ఆ బస్సులో ఇంకో 23 మందికి సోకింది. రోగికి దగ్గరగా కూర్చున్నవాళ్ళకు, దూరంగా కూర్చున్నవాళ్ళకు తేడా పెద్దగా లేదు, ఏసీ అదే గాలిని తిప్పడమే కారణం కావచ్చు. కానీ తెరిచే కిటికీల పక్కన కూర్చున్నవాళ్ళలో, రోగి పక్కనే ఉన్న ఒక్కరికి తప్ప ఎవరికీ రాలేదు. డ్రైవర్‌కూ రాలేదు. అద్దాలు తీసి ఉండే మన సిటీ ఆర్డినరీ బస్సులను, మాస్కులు పెట్టుకున్న ఇరవై మందిని దీని పక్కన పెట్టి చూడండి. ప్రమాదం లేదని కాదు. కానీ అద్దాలు బిగించి నలుగురు కూర్చునే కారుకంటే అది అధ్వాన్నం కాదు. మార్చిలో ఇది ఎవరికీ తెలియదు కాబట్టి అప్పుడు ఆపినందుకు నేను తప్పు పట్టను. సెప్టెంబరు దాకా ఆపి ఉంచడమే నాకు మింగుడుపడదు.

పైగా మనకు చేతకాక కాదు. మే 1 తెల్లవారుజామున దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. సంగారెడ్డి జిల్లా కందిలో పనిచేసే దాదాపు 1,200 మంది వలస కార్మికులను దూరం దూరంగా కూర్చోబెట్టి బస్సుల్లో స్టేషన్‌కు చేర్చారు. బస్సులున్నాయి, నడిపేవాళ్ళున్నారు, జాగ్రత్తగా ఎక్కించే పద్ధతి తెలుసు. అదే పద్ధతిలో నగరంలో కొన్ని డజన్ల రూట్లు నడపవచ్చు కదా.

డీజిల్ ఎవరు పోస్తారు?

ఇక్కడ అసలు ముడి ఉంది. మన ఆర్టీసీల్లో డిపో మేనేజరు పనితీరును కొలిచేది ఆక్యుపెన్సీ రేషియోతో, అంటే బస్సులో సీట్లు ఎంత నిండాయన్న లెక్కతో, కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చిందన్న లెక్కతో. మహమ్మారిలో బస్సు సగం ఖాళీగా వెళ్ళడమే మనకు కావాల్సింది. అంటే మామూలు రోజుల్లో నష్టం అనిపించేదే అప్పుడు లక్ష్యం. టికెట్ రాబడి మీద బతికే సంస్థను, పైగా కొద్ది నెలల ముందే 52 రోజుల సమ్మె చూసిన సంస్థను, సొంత డబ్బుతో ఖాళీ బస్సులు తిప్పమంటే తిప్పదు. తప్పు డిపోది కాదు.

లండన్‌లో ప్రైవేటు బస్సు కంపెనీలకు ప్రధానంగా నడిపిన కిలోమీటర్లకే డబ్బులొస్తాయి, టికెట్ ఆదాయం రవాణా సంస్థకు పోతుంది. అందుకే చార్జీ వసూలు ఆపినా బస్సులు ఆగలేదు. ఆ సంస్థ ఖజానా ఖాళీ అయితే 2020 మేలో ప్రభుత్వం 160 కోట్ల పౌండ్ల ప్యాకేజీ ఇచ్చింది. అమెరికా కేంద్ర ప్రభుత్వం 2020 మార్చి నాటి పెద్ద సహాయ చట్టంలోనే దేశంలోని రవాణా సంస్థలకు 2,500 కోట్ల డాలర్లు పెట్టింది. మన దగ్గర అంత డబ్బు అడగనక్కర్లేదు. ఆస్పత్రుల రూట్లలో నడిచిన ప్రతి కిలోమీటరుకు ఆరోగ్య శాఖో, కార్పొరేషనో చెల్లించే ఒప్పందం చాలు. పీపీఈ కిట్లు కొన్నప్పుడు వాటి మీద ఎంత రాబడి వస్తుందని ఎవరూ అడగలేదు. ఆ కిట్ వేసుకునే మనిషిని తీసుకొచ్చే బస్సును కూడా అదే ఖాతాలో రాయాలి.

రెండో వేవ్‌లో పాఠం నేర్చుకున్నామా అంటే సగమే నేర్చుకున్నాం. 2021 మే 12న తెలంగాణలో మళ్ళీ లాక్‌డౌన్ పెట్టినప్పుడు బస్సులు, మెట్రో పూర్తిగా ఆపలేదు. అది మెరుగే. కానీ ఉదయం 6 నుంచి 10 దాకా ఉన్న సడలింపు వేళలోనే నడిపారు. మెట్రో 7 గంటలకు మొదలై, చివరి రైలు 8.45కు బయల్దేరేది. కూరగాయలు కొనుక్కునేవాళ్ళకు సరిపోయే వేళ అది. ఉదయం షిఫ్టు నర్సు 7 గంటలకు రైలెక్కితే అప్పటికే ఆలస్యం. మధ్యాహ్నం 2 గంటలకు షిఫ్టు దిగాక ఇంటికెళ్ళడానికి ఏమీ లేదు. రాత్రి డ్యూటీకి రావడానికీ ఏమీ లేదు. నెలాఖరులో సడలింపు 1 గంట దాకా పెంచితే రైళ్ళూ కాస్త పెరిగాయి, ఆ 2 గంటల షిఫ్టుకు మాత్రం అప్పుడూ అందలేదు.

న్యూయార్క్ 2020 మే 6 నుంచి శుభ్రం చేయడం కోసం అర్ధరాత్రి 1 నుంచి 5 దాకా సబ్‌వే మూసింది. ఆ నాలుగు గంటల్లో ఎక్కేవాళ్ళు పదివేల పైచిలుకే. అయినా వాళ్ళ కోసం రాత్రి బస్సులు పెంచారు. రాత్రి 3 గంటలకు బస్సెక్కే మనిషి ఎవరో వాళ్ళకు తెలుసు కాబట్టి ఆ ఏర్పాటు చేయగలిగారు.

మన దగ్గర గాంధీ, ఉస్మానియా, నిమ్స్, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి ప్రతి పెద్దాస్పత్రికీ షిఫ్టుల పట్టిక ఉంటుంది. కాంట్రాక్టు సిబ్బందితో సహా ఎవరు ఏ వైపు నుంచి వస్తారో హాజరు పుస్తకాలు రాసే గుమస్తాలకు తెలుసు. కార్పొరేషన్‌లో తెల్లవారి 5 గంటలకు చీపురు పట్టే కార్మికులు ఏ వార్డుకు ఎక్కడి నుంచి వస్తారో శానిటరీ జవాన్లకు తెలుసు. ఈ వివరాలు దగ్గరలోని బస్సు డిపోకు ఏడాదికొకసారి అందితే చాలు. ఏ రూట్లు, ఏ ట్రిప్పులు, ఎన్ని బస్సులు, ఎంతమంది డ్రైవర్లు, వాళ్ళలో సగం మంది జబ్బుపడితే బదులు ఎవరు అన్నది డ్యూటీ చార్టు వేసే మనిషి ఒక పూట కూర్చుని రాయగలడు. రాసిన కాగితం మీద ఆరోగ్య శాఖ, రవాణా శాఖ రెండూ సంతకం పెట్టి, కిలోమీటరుకు ఇంతని ముందే ఒప్పుకుని ఉంచాలి.